పడవ బొమ్మ మీద మూడు ప్రశ్నలు

ద్వారకా నగర్
6 ఫిబ్రవరి 2025

దేవత్తా,

కవరు చూసి కంగారు పడకు, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటని తిట్టుకుంటావని తెలుసు. మా ఆఫీసంతా ఒకటే హాలు. గుసగుసగా మాట్లాడినా మా పెద్ద మేడమ్ అనూరాధ గారి కుర్చీ దాకా వెళ్తుంది. హాస్టల్లో గదికి నలుగురం, అందులో ఒకమ్మాయి మా ఆఫీసే. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండాలి.

నా ఉద్యోగమేంటో నాన్న నీకు సరిగ్గా చెప్పి ఉండడు. "గవర్నమెంటా, కాదా?" అన్నదొక్కటే ఆయనకి కావాలి. పథకాలు పనిచేస్తున్నాయో లేదో చూసి చెప్పడం మా పని. ఇప్పుడు మా చేతికొచ్చినవి బ్రిడ్జి క్లాసులు. బడులు ఇంగ్లీషు మీడియం అయ్యాక, ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లలకి పాఠం అందడం లేదని ఒక కంపెనీ నాలుగు స్కూళ్ళలో సాయంత్రం క్లాసులు పెట్టించింది కదా. వాటివల్ల పిల్లలకి నోరు తిరిగిందా లేదా అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతాం. తిరిగిన చోట జూన్ నుంచి మళ్ళీ నడిపిస్తారు. లేని చోట మూసేస్తారు.

మూడు స్కూళ్ళు గాజువాక వైపు. నాలుగోది నీది.

కాగితం మీద నీ పేరు చూడగానే చెప్పాల్సింది. బంధువులున్న చోటికి వెళ్ళకూడదని రూలుంది, దాని కింద నా సంతకమూ ఉంది. నోరు తెరిచేలోపే అనూరాధ గారు "ఒడ్డున ఉండే వాళ్ళ సంగతి నీకు తెలుసుగా సాయిదుర్గా, అది నువ్వే చూడు" అన్నారు. సరే మేడమ్ అనేశాను. అత్తా, డిగ్రీ అయ్యాక ఈ వీధిలో ఎన్ని కోచింగ్ సెంటర్ల మెట్లెక్కానో నీకు తెలుసు. మార్చి ఆఖరుకి గానీ ఈ ఉద్యోగం గట్టిపడదు.

అందుకని నేనొచ్చినప్పుడు నన్ను ఎరగనట్టే ఉండు. ఎల్లాజీ మావయ్యకీ చెప్పు, గేటు దగ్గరికొచ్చి "ఏటే దుర్గా" అని అరవగలడు.

పరీక్షలో ఏముంటుందో చెప్పకూడదు. ఒక్క మాట. పాత బొమ్మల్లో ఎస్కలేటరు, మంచు మనిషీ ఉండేవి. అవి తీయించి, మన పిల్లలు చూడగానే నోరు విప్పే బొమ్మ ఒకటి మొదట్లోనే పెట్టించాను. నువ్వు భయపడకు.

నీ
సాయిదుర్గ

*

ఊరు, తగరపువలస పోస్టు
11 ఫిబ్రవరి

అమ్మా దుర్గా,

నీ కవరు మీ మావ తెచ్చి "కోర్టు నుంచేమో" అన్నాడు. చదివాక కోర్టయితేనే బాగుణ్ణు అనిపించింది. ఎరగనట్టు ఉండమంటావేటే? నీ పురిటి స్నానం చేయించింది నానే.

సరేలే. నాకు అబద్ధం ఆడ్డం రాదు, మాట్లాడకుండా ఉండడం వచ్చు. మా హెడ్మాస్టరు గురునాథరావు గారికి మా అన్న కూతురు సిటీలో పెద్ద ఉద్యోగం చేస్తందని ఎప్పుడో చెప్పీసాను. ఏ ఉద్యోగమో చెప్పలేదు గనక బతికిపోయావు.

నీ భయం నీది. నా భయం వేరు. ఈ క్లాసు రాకముందు నాను రొయ్యల కంపెనీలో తలలు తీసేదాన్ని. డిస్టెన్సులో బీయే కట్టి, ఇంగ్లీషు రేడియోలో విని, తప్పులో ఒప్పులో మాట్లాడ్డం నేర్చుకున్నాను. ఇప్పుడు నా దగ్గర చదివే ఈ చిన్న గుంటలు నా కంటే ముందే నేర్చుకోవాలని ఆశ. క్లాసు మూసేస్తే వీళ్ళు ఆరులోకెళ్ళి సైన్సు పుస్తకం తలకిందులుగా పట్టుకుంటారు. ఏడాది తిరక్కుండా మగపిల్లలు బోటెక్కుతారు, ఆడపిల్లలు రొయ్యల కంపెనీకెళ్తారు. ఇది ఊరికే అనడం కాదు, ఈ క్లాసు లేనప్పటి పిల్లల్లో చూశాను.

మా ఆశాజ్యోతి అని ఒకర్తి ఉంది. పోతమ్మ మనవరాలు. నోరు తెరిస్తే మూయదు. మొన్న మీ మావకి "అంకుల్, యువర్ నెట్ హేజ్ బిగ్ హోల్" అని చెప్పింది. ఆయనకి అర్థమైంది హోలొక్కటే, దానికే కోపమొచ్చింది. ముందు దాన్ని పిలు, మిగతావాళ్ళకి ధైర్యమొస్తాది.

మీ మావ ఇంజను బాగుచేయించాడు. సముద్రం బాగుంది. రోజూ వేటే.

దేవత్త

*

ద్వారకా నగర్
22 ఫిబ్రవరి

దేవత్తా,

తిరుగు బస్సు తగరపువలస దాటే దాకా నాకు చెమటలు పడుతూనే ఉన్నాయి. నువ్వు "గుడ్ మార్నింగ్ మేడమ్" అని, సాసరుతో సహా టీ ఇచ్చావు. అలా ఉండమన్నది నేనే. అయినా అంత బాగా ఉంటావనుకోలేదు.

అసలు సంగతి అది కాదు. అత్తా, ఏడాదంతా ఏం చెప్పావు వాళ్ళకి?

ఆశాజ్యోతినే ముందు పిలిచాను. పేరడిగితే చెప్పింది, క్లాసడిగితే చెప్పింది. బొమ్మ పెట్టి మొదటి ప్రశ్న అడగ్గానే చేత్తో నోరు మూసుకుంది. రెండో ప్రశ్నకి కిటికీలోంచి బయటికి చూసింది. మూడోదానికి కళ్ళలో నీళ్ళు. మా పరీక్షలో వరసగా మూడింటికి జవాబు రాకపోతే అక్కడితో ఆపేసి, అన్నిటికంటే కింది మెట్టులో రాయాలి. రాశాను. తర్వాతి పిల్లాడూ అంతే. ఆ తర్వాతి పిల్లా అంతే. క్లాసు మొత్తం ఆ కుర్చీలో కూర్చుని నేల చూపులు చూసి వెళ్ళిపోయింది. అదే బొమ్మకి గాజువాక పిల్లలు నన్ను ఆపి మరీ చెప్పారు.

నువ్వు పాటలూ పద్యాలూ బట్టీ పట్టించి సరిపెట్టలేదు కదా? కోప్పడకు, వచ్చే వారం రిపోర్టు ఇవ్వాలి. పిల్లలకి వచ్చని నువ్వంటావు, రాలేదని నా కాగితాలంటున్నాయి. ఎవర్ని నమ్మాలో చెప్పు.

సాయిదుర్గ

*

ఊరు
27 ఫిబ్రవరి

మేడమ్ గారికి,

బట్టీ పట్టించానని అడిగారు. బట్టీ పట్టినవాళ్ళు నోరు మూసుకోరండి, అడక్కపోయినా అప్పజెప్తారు.

నువ్వెళ్ళిపోయాక పిల్లల్ని కూర్చోబెట్టి ఏటడిగిందర్రా అంటే ఒక్కడూ చెప్పడు. బతిమాలాను. చాక్లెట్లు కొన్నాను. ఆఖరికి బెత్తం తీశాను. కొట్టలేదులే, చూపించాను. "తర్వాత చెప్తాం టీచర్" అంటారు, తర్వాత అంటే ఎప్పుడో చెప్పరు. ఆశాజ్యోతి రెండు రోజులు బడికే రాలేదు.

నాకొకటి తోస్తంది, రాసీమంటావా? రాసీస్తాను. మనం చుట్టాలమని ఎవరికీ అనుమానం రాకూడదని నువ్వు మొహం గంటు పెట్టుకుని వచ్చావు. గుమ్మంలో ఒక్క నవ్వు లేదు. ఫోన్లో టైము పెట్టి ఎదురుగా ఆనించావు. పోలీసు స్టేషన్లో కూడా ముందు మంచినీళ్ళిస్తారు. నీ ఉద్యోగం గట్టిపడ్డానికి నా పిల్లల్ని హడలగొట్టావు. నన్ను గది బయట నిలబెట్టావు, తలుపు కూడా వేశావు.

మీ నాన్నకి చెప్పను. చెప్తే నిన్ను కాదు, నన్నే అంటాడు.

దేవి

*

ద్వారకా నగర్
4 మార్చి

అత్తా,

నీ ఉత్తరం అందేసరికి రిపోర్టు వెళ్ళిపోయింది. నీ స్కూలు ఎదురుగా "ప్రగతి కనిపించలేదు, కొనసాగించమని సిఫారసు చేయలేము" అని రాశాను. నేను చూసింది అదే. ఇంకోలా రాస్తే అది నీ కోసం రాసినట్టు, అలా రాయకపోతే నాకోసం రాసినట్టు. ఎటు తిరిగినా నా కలం నాది కాదనిపించింది.

నవ్వలేదన్నావు. నిజమే. నవ్వితే ఏడుస్తానేమోనని భయమేసింది.

మేడమ్ గారికి అని మళ్ళీ రాయకు.

దుర్గ

*

ఊరు
9 మార్చి

దుర్గా,

ఇది చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

నిన్న కెరటం పెద్దదిగా ఉంది, ఎవరూ వేటకెళ్ళలేదు. బోట్లన్నీ ఒడ్డు మీదే. సాయంత్రం క్లాసుకి ఆశాజ్యోతి వచ్చి, బ్యాగైనా దించకుండా "ఇప్పుడు చెప్తాను టీచర్, మా నాన్న ఇంటికాడే ఉన్నాడు" అంది. నాకు అర్థం కాలేదు. మిగతా గుంటలు కూడా లేచి నిలబడ్డారు. ఆ రోజు నువ్వు చూపించిన బొమ్మలో ఒకతను బోటు నీళ్ళలోకి తోస్తన్నాడట. "వేర్ ఈజ్ హి గోయింగ్?" అన్నావట. తర్వాత "వెన్ విల్ హి కమ్ బ్యాక్?" అన్నావట. ఆ మీదట "వాట్ విల్ హి బ్రింగ్?"

నాను ఆ మూడూ మళ్ళీ చెప్పించుకున్నాను.

ఏటే దుర్గా, ఆ పొద్దున ఊళ్ళో మగవాళ్ళందరూ సముద్రం మీదే ఉన్నారు. ఆశాజ్యోతి ఇంటికెళ్ళి ఇలా అడిగారని ఏడిస్తే పోతమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసి, కొడుకు ఒడ్డుకొచ్చే దాకా మెతుకు ముట్టలేదట. నిన్న నాను వెళ్తే వాకిట్లోనే పట్టుకుంది. "సముద్రం మీదకెల్లేవోడ్ని ఎక్కడికి అని అడుగుతారేటమ్మా? ఎప్పుడొత్తాడు అంటారేటి? ఏటి తెత్తాడు అంటారేటి? ఆ సదువుకున్నమ్మకి ఇంట్లో ఎవులూ సెప్పలేదా?" అంది. నీ ఇల్లు ఏదో నాను చెప్పలేదు. తల దించుకున్నాను.

పిల్లలకి ఇంగ్లీషు రాక కాదు. ప్రశ్న అర్థమైంది, అందుకే నోరు మూసుకున్నారు. మగాళ్ళు నీళ్ళ మీద ఉండగా ఆ ప్రశ్న తిరిగి పలకడం కూడా తప్పని నాకూ చెప్పలేదు. నిన్న మాత్రం ఆ మూడింటికీ వరసగా జవాబులు చెప్పారు. "హి ఈజ్ గోయింగ్ టు సీ. హి విల్ కమ్ బ్యాక్ ఇన్ ద ఈవినింగ్. హి విల్ బ్రింగ్ కనాగడతలు." కనాగడత చేపల్ని ఇంగ్లీషులో ఏమంటారో నాను చెప్పలేదు, ఆ తప్పు నాది.

నువ్వు మన పిల్లవే కదా. నీకు తట్టలేదా? అనడం లేదు, అడుగుతన్నాను.

పిల్లల్ని హడలగొట్టావని నిన్ను అన్నందుకు నా నోరు కడుక్కోవాల.

దేవత్త

*

ద్వారకా నగర్
13 మార్చి

దేవత్తా,

తట్టలేదు. ఎంత ఆలోచించినా అదే జవాబు.

నేను పుట్టకముందే నాన్న సముద్రం మానేసి ఆటోనగర్ షెడ్డులో చేరిపోయాడు కదా. అమ్మ మాత్రం ఆయన టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరితే "వెళ్ళొస్తావా" అంటుంది తప్ప ఎక్కడికని ఒక్కసారీ అడగలేదు. మార్కెట్టుకెళ్తున్నా అంతే. అది అమ్మ అలవాటనుకున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ బొమ్మ ఎంచింది నేనే అత్తా. మంచు మనిషిని తీసేసి, మన పిల్లలకి తెలిసిన బోటు పెడితే గలగలా మాట్లాడతారని మీటింగులో వాదించాను. మొదట్లోనే పెట్టాలని కూడా వాదించాను. మంచు మనిషే ఉండుంటే మూడో మెట్టుకైనా వెళ్ళేవాళ్ళు.

నిన్న అనూరాధ గారి దగ్గరికెళ్ళి బొమ్మ సంగతి చెప్పాను. ఆవిడ పెన్ను మూత పెట్టి, "ఇది నీకెలా తెలిసింది? టీచరు ఫోన్ చేసిందా?" అన్నారు. పరీక్షయ్యాక టీచర్లతో మాట్లాడకూడదు. "లేదు మేడమ్, ఒక పిల్ల నాయనమ్మ చెప్పింది" అన్నాను. సగం నిజమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆవిడ మంచిది. రిపోర్టు వెనక్కి తెప్పించారు. బొమ్మ మార్చి మళ్ళీ పరీక్ష పెట్టమన్నారు. ఈసారి నేను కాదు, గుణశేఖర్ అని మా సీనియర్ వస్తాడు. మాట నెమ్మదే గానీ కళ్ళు ఊరుకోవు. నీ గురించీ నా గురించీ అడిగినా అడుగుతాడు. కాళ్ళు పట్టుకుంటాను అత్తా, తెలీదని చెప్పు. ఇంకో రెండు వారాలు గడిస్తే ఉద్యోగం గట్టిపడుతుంది, నీ క్లాసూ నిలబడుతుంది. ఎవరికీ నష్టం లేదు.

అన్నం సయించడం లేదు. ఆఫీసులో ఫోన్ మోగితే నాకే అనిపిస్తోంది.

దుర్గ

*

ఊరు
21 మార్చి

అమ్మా దుర్గా,

గుణశేఖర్ గారు వచ్చి వెళ్ళారు. ముందు పిల్లల సంగతి చెప్తాను, అది బాగుంది.

ఈసారి బొమ్మలో కూరగాయల బజారట. అందరూ మాట్లాడారు. అందరూ బాగా మాట్లాడారని అనను. ఇద్దరు ముగ్గురు వంకాయ దగ్గరే ఆగిపోయారు. కొందరికి క్రియలు రాలేదు, చేతులతో చూపించారు. ఆశాజ్యోతి అయిపోయాక కూడా లేవకుండా, "సర్, యువర్ షర్ట్ బటన్ ఈజ్ ఓపెన్" అందట. అడగని మాటకి మార్కుల గడి లేదుట గానీ, ఆయన బొత్తాం పెట్టుకుని, కాగితం పక్కన రాసుకున్నాడట. గురునాథరావు గారితో చెప్తూ ఆయనే నవ్వాడు.

ఇప్పుడు రెండోది.

వెళ్ళబోతూ క్లాసు గుమ్మంలో నిలబడి, "ముందు వచ్చిన మేడమ్ మీకు ఏమైనా తెలుసాండీ?" అన్నాడు. తెలీదందామనే నోరు తెరిచాను, నీ మీదొట్టు. వెనకాల గుంటలందరూ నన్నే చూస్తన్నారు. ఏ ప్రశ్నకైనా నోరు మూసుకోకండి, మీకు తెలిసింది చెప్పండి అని ఆ పొద్దునే వాళ్ళ బుర్రలు తిన్నాను. ఏటి చెప్పను?

"మా అన్న కూతురండి" అనీసాను.

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మీ మావ వింటే "నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకున్నావు" అన్నాడు. నా నోట్లోనే అయితే పరవాలేదు, నీ నోట్లో కూడా కొట్టాను.

కంచం ముందు కూర్చుంటే నువ్వే గుర్తొస్తన్నావు.

దేవత్త

*

ద్వారకా నగర్
26 మార్చి

అత్తా,

నీ ఉత్తరం కంటే ముందే నాకు తెలిసింది. సోమవారం అనూరాధ గారు గదిలోకి పిలిచి, నేను సంతకం పెట్టిన రూలు కాగితం నా ముందు పెట్టారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "మొదటి రోజే చెప్పుంటే గుణశేఖర్ వెళ్ళేవాడు, అంతే కదమ్మా" అన్నారు. అంతే. నిజంగా అంతే. ఈ నెలాఖరుతో నన్ను పంపించేస్తున్నారు.

రెండు రోజులు నీ మీద పళ్ళు నూరాను. ఒక్క చిన్న అబద్ధం, అదీ నాకోసం, ఆడలేకపోయావే అని. పిల్లలు చూస్తున్నారట. నేను నీ పిల్లని కానా? అని రాసి, ఆ కాగితం చించేశాను. చించినా నీకు చెప్తున్నాను, ఎందుకంటే అనుకున్నది నిజం.

ఇక నీ సంగతి. గుణశేఖర్ పెట్టిన పరీక్షని కంపెనీ ఒప్పుకుంది. పిల్లలు మెట్టెక్కారు, క్లాసు కొనసాగుతుంది. కానీ టీచరు మీద అనుమానం పడ్డారు. మేనకోడలు ముందే ప్రశ్నలు అందించి ఉండొచ్చని ఒకాయన అన్నాడట. అందించుంటే మొదటిసారి అలా ఎందుకవుతుందని అనూరాధ గారే ఎదురడిగారట. ఆవిడకి నా మీద కోపమున్నా ఆ మాట అన్నారు. చివరికి తేల్చింది ఇదీ. ఆ పోస్టుకి కొత్తగా ఇంటర్వ్యూ పెడతారు. నువ్వూ రావచ్చు, అందరిలాగే. ఏప్రిల్ రెండున, ద్వారకా నగర్లోనే, మొత్తం ఇంగ్లీషులో.

నిన్ను చదివించడానికి రానా అని అడగాలనుంది. అడగను. ఎవరైనా చూస్తే నీ అవకాశం కూడా పోతుంది. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగాక ఎటు నడవాలో వెనక పేజీలో గీశాను. నీ పేరు కొట్టేస్తారేమోనని నా భయం. నాకు పోతే ఇంకోటి వెతుక్కుంటాను. నిన్ను రొయ్యల కంపెనీ మెట్లమీద ఊహించుకోలేను.

దుర్గ

*

ఊరు
4 ఏప్రిల్

దుర్గా,

నువ్వు గీసిన దారిన సరిగ్గానే వెళ్ళాను. నీ హాస్టలు సందు దాటుతుంటే తల పక్కకి తిప్పుకున్నాను.

మెట్ల మీద నాతోపాటు ఇంకో నలుగురమ్మాయిలు. నీ ఈడు వాళ్ళు. ఫోన్లలో చూసుకుంటూ ఇంగ్లీషులో వల్లె వేసుకుంటన్నారు. నా చీర కొంగు చెమటకి తడిసిపోయింది. లోపల ముగ్గురు, చల్లటి గది. "టెల్ అస్ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నారు. నోరు పెగల్లేదు. రాక కాదు, ఇంటి దగ్గర వందసార్లు చెప్పుకున్నదే. వచ్చిన మాట గొంతులో ఎలా నిలబడిపోతుందో ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసింది. నీళ్ళు తాగమన్నారు. తాగాక చెప్పాను. రొయ్యల కంపెనీ కూడా చెప్పాను. మధ్యలో రెండుచోట్ల తెలుగులోకి పడిపోయి లేచాను.

మొదటి పరీక్ష ఎందుకు పాడయిందని అడిగారు. సముద్రం మీదకెళ్ళేవాడిని అడక్కూడని ప్రశ్నలుంటాయని, పిల్లలకి తెలిసీ చెప్పలేదని, నాకు వచ్చినంత ఇంగ్లీషులో చెప్పాను. కళ్ళజోడు పెద్దాయన "సో సూపర్‌స్టిషన్" అన్నాడు. "నో సర్. ఫాదర్" అన్నాను. ఇంకా బాగా చెప్పాల్సింది, మాట దొరకలేదు. దారంతా అదే ఆలోచించాను, ఇప్పటికీ దొరకలేదు.

నీ సంగతి కూడా అడిగాను. మళ్ళీ తీసుకునే వీలుందా అని. అది మా చేతిలో లేదమ్మా అన్నారు. నాను నిజం చెప్పినందుకు నీకు పోయింది, అది నాకు తెలుసు. తప్పు చేశానని అనను. నువ్వు కోపం పెట్టుకుంటే అది కూడా న్యాయమే. రెండూ నిజమైతే మనిషి ఏం చెయ్యాలో నాకు తెల్దు. మీ నాన్నకి నానే ఫోన్ చేసి చెప్పాను, తిట్లన్నీ నాను తిన్నాను, నీకు మిగల్చలేదు.

ఈ ఉదయం గురునాథరావు గారికి కబురొచ్చింది. క్లాసు నాదే. డిసెంబరు దాకా చూస్తారట, మధ్యలో ఎవరో ఒకరు చెప్పాపెట్టకుండా వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారట. రానీ. భయం పోలేదు, డిసెంబరుకి వాయిదా పడింది అంతే.

ఆఖరి ప్రశ్న ఏటో చెప్పలేదు కదూ. "వాట్ ఈజ్ యువర్ వీక్‌నెస్?" అన్నారు. బయట ఆ నలుగురూ దీనికి ఏదో మంచి జవాబు బట్టీ పడుతుంటే విన్నాను, వెంటనే గుర్తు రాలేదు. నోటికొచ్చింది చెప్పీసాను.

"మై బ్రదర్స్ డాటర్, సర్."

మగవాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. పక్కనున్న ఆవిడ ఒక్కర్తే నవ్వింది. నన్ను తీసుకున్న కాగితం మీద సంతకం ఆవిడదేనట.

దేవత్త